క్షేమ సమాచారం: తంతి నుండి గౌతమి ఖతి దాకా

కిందటి వేసవిలో అమలాపురం దగ్గరి మా పాత ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అటక మీది సామాను దింపుతూంటే రెండు వస్తువులు చేతికి వచ్చాయి. ఒకటి, కొస వంచిన ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరాల కట్ట. ఒకప్పుడు ప్రతి ఇంటి గోడకూ అటువంటి తీగ ఒకటి వ్రేలాడుతూ ఉండేదని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండవది, ప్లాస్టిక్ పెట్టెలో ఒక సీడీ. దాని మీద నాన్నగారి దస్తూరీతో "మా ఊరి సంగతులు, 2002" అని వ్రాసి ఉన్నది.

తీగకు అన్నిటికన్నా అడుగున ఉన్నది 1971 నాటి కార్డు. ఒక మూల చెదలు కొరికాయి, సిరా వెలిసింది. అయినా ఒక్క అక్షరం పోకుండా చదువుకోగలిగాను. తరువాత సీడీని కంప్యూటరులో పెట్టాను. అదీ తెరుచుకుంది. దాని మీద గీతలేమీ పడలేదు. కాని తెర మీద తెలుగు లేదు. రోమను అక్షరాలు, వాటి నెత్తిన రకరకాల చుక్కలు, డాలరు గుర్తులు, తలక్రిందుల ప్రశ్నార్థకాలు కలగాపులగంగా నలభై ఎనిమిది పుటలు పరచుకుని ఉన్నాయి.

నాన్నగారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా చేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఊరిని గూర్చి తెలిసినదంతా వ్రాసి, రాజమండ్రిలో ఒక డీటీపీ కేంద్రంలో కూర్చుని అక్షరం కొట్టించారు. అచ్చుతీసిన ప్రతి ఒక్కటే ఉండేది. చదివి ఇస్తామని పట్టుకెళ్ళిన వారి దగ్గరనుండి అది తిరిగి రాలేదు. నాన్నగారు 2009లో కాలం చేశారు. చేతిలో ఉన్నది ఇక ఆ సీడీ ఒక్కటే.

ముప్ఫై ఏళ్ళ ముందరి సిరా చదవగలిగినప్పుడు, తరువాత వచ్చిన యంత్రం వ్రాసినదాన్ని ఎందుకు చదవలేకపోతున్నాం? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే, గోదావరి సీమలో క్షేమ సమాచారం ప్రయాణించిన దారి అంతా ఒకసారి తిరిగి నడవవలసి వచ్చింది. ఆ నడకే ఈ వ్యాసం.

తంతి, ట్రంకు కాలు

మా చిన్నతనంలో తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. చావు కబురుకో, ప్రాణం మీదికి వచ్చినప్పుడో తప్ప తంతి ఇచ్చేవారు కారు. మాటకు ఇంత అని లెక్క కనుక, వాక్యాన్ని ఎంత కుదిస్తే అంత ఆదా. అది మా ఊరికి చేరేది ఇంగ్లీషులో. చదివి చెప్పడానికి బడిపంతులు గారో, కరణంగారో కావాలి. అంటే, ఇంటి గుట్టు ఇంటివారికన్నా ముందు మరొకరికి తెలిసేది.

ఆ తంతిలోనే ఒక సదుపాయం ఉండేది. పెళ్ళికి, పండుగకు, పరీక్ష నెగ్గినందుకు పంపే శుభాకాంక్షల వాక్యాలకు తపాలా వారు వరుస సంఖ్యలు ఇచ్చి పట్టిక అచ్చువేశారు. పంపేవారు సంఖ్య చెబితే చాలు. తీగ మీద ప్రయాణించేది ఆ సంఖ్యే. అవతలి కార్యాలయంలో ఉన్న గుమాస్తా అదే పట్టిక చూసి వాక్యం వ్రాసి అందజేసేవాడు. రెండు చివర్లలోనూ పట్టిక ఒక్కటే కావడం వలన ఇది సాధ్యమైంది. పట్టికలు వేరైతే పెళ్ళివారికి పరీక్ష నెగ్గిన అభినందనలు అందేవి. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

2013 జూలై 14 ఆఖరి రోజుగా దేశంలో తంతి సేవ ముగిసింది. అప్పటికి దాని అవసరం తీరిపోయి చాలా కాలమైంది. దాని పని ముందుగా లాక్కున్నది టెలిఫోను. ట్రంకు కాలు బుక్ చేసి, పోస్టాఫీసు అరుగు మీద పూటంతా కూర్చున్న తరం మాకన్నా పెద్దవారిది. దేశంలో తొలి ఎస్టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య వచ్చినా, పల్లెటూళ్ళకు ఆ భాగ్యం దక్కడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని తయారుచేసింది. దానికి ఏసీ గది అక్కరలేదు, దుమ్మూ వేడీ తట్టుకుంటుంది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. ఆ తరువాతి పదేళ్ళలో పసుపుపచ్చ ఎస్టీడీ బోర్డు లేని సెంటరు మా ప్రాంతంలో లేకుండా పోయింది. రాత్రి పదకొండు దాటితే రేటు పావువంతుకు పడిపోయేది కనుక, ఆ వేళకు బూతు ముందు తిరునాళ్ళలా ఉండేది. అద్దాల గదిలో మనం మాట్లాడుతూంటే, మన కళ్ళు మాత్రం నెత్తిన ఎర్రగా పరుగెత్తే అంకెల మీద ఉండేవి.

ఫోను వచ్చాక మన మాట మన భాషలో చేరింది. ఇది చిన్న లాభం కాదు. అయితే చెప్పిన మాట చెప్పిన చోటే ఆవిరైపోయేది. తీగకు గుచ్చడానికి ఏమీ మిగిలేది కాదు.

1996 నవంబరు 6

ఆ రాత్రి తుపాను కోనసీమను కొట్టిననాడు నేను అమెరికాలో చదువుకుంటున్నాను. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో కూలాయి. కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు వాటి క్రింద పడి నలిగాయి. విశ్వవిద్యాలయపు గదిలో కూర్చుని, అంతర్జాలంలో వార్తాసంస్థల ముక్కలు ఏరుకుని చదివేవాణ్ణి. ప్రపంచమంతా తెలిసేది కాని మా ఇంటి సంగతి తెలిసేది కాదు. ఫోను కొడితే మోగేది కాదు. ఆరవనాడు హైదరాబాదు నుండి మామయ్య ఫోను చేసి, "అంతా బాగానే ఉన్నార్రా, పెంకులు లేచిపోయాయి, అంతే" అన్న తరువాత గాని అన్నం సయించలేదు.

నాన్నగారి ఏరోగ్రామ్ మూడు వారాలకు వచ్చింది. "చిరంజీవికి ఆశీస్సులు. ఇక్కడ మేమందరమూ క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు" అని మొదలుపెట్టి, కూలిన ప్రతి చెట్టునూ పేరుపేరునా లెక్కచెప్పారు. ఎవరెవరు మా అరుగు మీద తలదాచుకున్నారో, గంజి ఎన్ని రోజులు కాచారో కూడా వ్రాశారు. ఆలస్యంగా వచ్చిన ఆ నీలి కాగితమే ఈనాటికీ నా దగ్గర ఉన్నది. త్వరగా వచ్చిన ఫోను మాటలో జ్ఞాపకం ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

నెట్ సెంటర్లు

మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. మొదట మహానగరాలకే. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి ఇచ్చిన తరువాత జిల్లా పట్టణాలకు పాకింది. 2000 వచ్చేసరికి రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో, ఆ వెనుకనే అమలాపురంలో నెట్ సెంటర్లు వెలిశాయి. అట్టముక్కలతో విడదీసిన గదులు, చెప్పులు బయట విడవమని ఒక కాగితం, పక్కన కుయ్‌మని అరిచే యూపీఎస్. కరెంటు పోతే, ఆ అరుపు ఆగేలోపు మెయిలు పంపడం పూర్తిచేయాలి.

పదవ తరగతి ఫలితాలు వచ్చేనాడు ఆ గదుల ముందు చూడాలి! అంతకు మునుపు పత్రిక కోసం తెల్లవారుజామున బస్టాండులో కాచుకునేవారు. ఇప్పుడు హాల్‌టికెట్టు నంబరు చీటీ మీద వ్రాసి లోపలికి అందిస్తే, కుర్రవాడు మార్కులు అచ్చుతీసి ఇచ్చేవాడు. రైలు టిక్కెట్లు 2002 ఆగస్టు నుండి అంతర్జాలంలో కొనుక్కునే వీలు వచ్చింది. మొదట్లో టిక్కెట్టు కొరియరులో ఇంటికి వచ్చేది, 2005లో గాని ఈ-టిక్కెట్టు రాలేదు. ఆ 2005 జనవరిలోనే బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు మొదలైంది. ఆ తరువాత రాత్రి రెండు నుండి ఉదయం ఎనిమిది వరకు లెక్కలేకుండా వాడుకోనిచ్చే పథకం పుణ్యమా అని, సూర్యోదయం చూడటం అలవాటు లేని కుర్రవాళ్ళు కూడా రెండింటికి అలారం పెట్టుకుని లేచేవారు.

మన జిల్లాలలో ఇంకా చెప్పుకోదగ్గ ప్రయోగాలు జరిగాయి. పశ్చిమ గోదావరిలో, సంజయ్ జాజు కలెక్టరుగా ఉన్న కాలంలో, 2002 ప్రాంతంలో, మండల కేంద్రాలలో ఈ-సేవ కేంద్రాలు పెట్టి వాటి నిర్వహణను మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. అప్పటికి జిల్లాలో మండలాలు 46. కరెంటు బిల్లు కట్టించుకోవడం, ధ్రువపత్రాలకు దరఖాస్తులు పంపడం, ధరల వివరాలు చూసి చెప్పడం వంటి పనులు పొదుపు సంఘాల ఆడవారి చేతుల్లోకి వచ్చాయి. కంప్యూటరంటే ఇంజనీరు చదివిన మగపిల్లల సొత్తు అనుకుంటున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

భీమవరం కేంద్రంగా బైర్రాజు ఫౌండేషన్ వారు "అశ్విని" అనే పేరుతో చుట్టుపక్కల పల్లెలకు వైఫై ద్వారా బ్రాడ్‌బ్యాండు అందించారు. ఎత్తైన స్తంభాల మీద ఏంటెనాలు పెట్టి, కిలోమీటర్ల దూరం తీగ లేకుండా దాటించి, పల్లెలో కూర్చున్న రోగిని పట్నంలోని వైద్యునికి తెర మీద చూపించారు. పశ్చిమాన జల్లికాకినాడలో, తూర్పున ఈతకోటలో "గ్రామ్ ఐటీ" పేరుతో పల్లెటూరి యువతకు అక్కడే కంప్యూటరు కొలువులు కల్పించారు. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడిన తరువాత, దాని అధిపతి కుటుంబం నడిపిన ఈ ఫౌండేషన్ కార్యక్రమాలు కూడా కుంచించుకుపోయాయి. స్తంభం నిలబెట్టడం కన్నా దానికి నెలనెలా కరెంటు బిల్లు కట్టే చేయి నిలబడి ఉండటం కష్టమని ఈ కథ చెబుతుంది.

అమ్మ మాట, రోమను వేషం

ఆ రోజుల్లో నాకు ఇంటినుండి ఈమెయిలు వచ్చే పద్ధతి ఇది. అమ్మ చెప్పవలసినవన్నీ వారమంతా మనసులో పోగుచేసుకునేది. ఆదివారం అక్క రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్ళి, నెట్ సెంటరులో గంటకు ముప్ఫై రూపాయలిచ్చి, ఆ మాటలను ఇంగ్లీషు అక్షరాలలో తెలుగుగా కొట్టి పంపేది. నా జవాబు అచ్చుతీసి తీసుకెళ్ళి అమ్మకు చదివి వినిపించేది. నాలుగో తరగతి దాకా చదివి, ప్రభను అట్ట నుండి అట్ట దాకా చదివే అమ్మ, కన్నకొడుకు ఉత్తరం దగ్గరకు వచ్చేసరికి చదువు రానిదైపోయింది. తంతి చదివించుకోవడానికి కరణంగారి అరుగెక్కిన మా నాయనమ్మకూ, అమ్మకూ మధ్య యాభై ఏళ్ళు గడిచినా, ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

నాన్నగారు ఆ ఈమెయిళ్ళలో ఒక్క ముక్క వ్రాయించలేదు. "తెలుగుకు లిపి లేదనుకుంటారు వాళ్ళు" అని ఊరుకునేవారు.

ఈ రోమను వేషానికి ఒక శాస్త్రం కూడా ఉండేది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఒక లిప్యంతరీకరణ పద్ధతిని, దానిని తిరిగి తెలుగు లిపిలోకి మార్చే ఉపకరణాన్ని తయారుచేశారు. చిన్న అక్షరం కొడితే త, అదే పెద్ద అక్షరమైతే ట. అదే మనందరికీ తెలిసిన ఆర్‌టీఎస్. తెలుగువారి తొలి అంతర్జాల చర్చలు, పద్యాలు, పోట్లాటలు ఇందులోనే సాగాయి. తరువాత వచ్చిన ఉపకరణాలు ఎన్నో దీనిని ఆధారం చేసుకున్నవే.

ఇక్కడ మన రాజమండ్రి చరిత్రలో ఒక పోలిక గుర్తుకు వస్తుంది. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధనిని మొదలుపెట్టినప్పుడు తొలుత దానిని మద్రాసులో అచ్చువేయించవలసి వచ్చింది. వ్రాసేది గోదావరి ఒడ్డున, అచ్చు అక్షరాలు ఉన్నది చెన్నపట్నంలో. ఆ తరువాతనే సొంత ముద్రాలయం పెట్టుకున్నారు. నూటపాతికేళ్ళ తరువాత మా అక్క నెట్ సెంటరులో కూర్చున్నప్పటి పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. చెప్పేవారు కోనసీమలో, అక్షరాన్ని మార్చే ఉపకరణం హ్యూస్టన్‌లో.

పట్టిక కథ

అటువంటప్పుడు 2002లో డీటీపీ కేంద్రం నాన్నగారి వ్రాతను తెలుగులోనే ఎలా కొట్టగలిగింది? పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు అన్నీ అప్పటికే కంప్యూటరు మీద తెలుగులో వస్తున్నాయి కదా?

వస్తున్నాయి, కాని అదొక కనికట్టు. కంప్యూటరుకు లోపల తెలిసినవి సంఖ్యలే. ఫలానా సంఖ్య అంటే ఫలానా రోమను అక్షరం అని దానికొక పట్టిక ఉండేది. డీటీపీ ఖతులు తయారుచేసినవారు ఆ పట్టికను అలాగే ఉంచి, రోమను అక్షరం బొమ్మ తీసివేసి, ఆ చోట తెలుగు అక్షరం బొమ్మను, లేదా దాని ముక్కను పెట్టారు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. ఆ ముక్కలన్నీ తెర మీద అతుక్కుంటే కంటికి తెలుగు. లోపల ఉన్నది మాత్రం అర్థం లేని రోమను. పైగా ఏ ఖతి పట్టిక దానిదే. ఒక సంస్థ ఖతిలో కొట్టినది మరొక సంస్థ ఖతిలో పెడితే, పెళ్ళివారికి పరీక్షాభినందనలు అందిన తంతి చందమే. ఖతి లేని యంత్రంలో తెరిస్తే, నా సీడీ చందం.

అందరికీ ఒకే పట్టిక ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. భారతీయ లిపులకు 1988లో ఇస్కీ అనే ప్రమాణం వచ్చింది. దానిని ఆధారం చేసుకుని 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. 3072 నుండి 3199 వరకు ఉన్న సంఖ్యలు మనవి. ఈ పట్టికలో సంఖ్య అక్షరానికే గాని దాని బొమ్మకు కాదు. నాన్నగారి ఉత్తరాల మొదటి మాట "క్షేమం" తీసుకోండి. కంటికి రెండు అక్షరాలు. యూనికోడులో అది ఆరు సంఖ్యల వరుస: 3093 క, 3149 పొల్లు, 3127 ష, 3143 ఏత్వం, 3118 మ, 3074 సున్న. వీటిని కలిపి "క్షే" అని ఒద్దికగా గీసే పని ఖతిది, దానిని నడిపే యంత్రానిది. ఖతి మారినా సంఖ్యలు మారవు కనుక క్షేమం ఎక్కడికి వెళ్ళినా క్షేమంగానే ఉంటుంది.

పట్టిక 1991లోనే వచ్చినా, మామూలు మనుషుల యంత్రాలలో తెలుగును గీసే ఖతి రావడానికి పదేళ్ళు పట్టింది. 2001 చివర విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఖతి పేరు గౌతమి. రాజమండ్రి వారికి ఈ పేరు ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దిగువన చీలిన ఏటి పాయ గౌతమి, ఊళ్ళోని పేరెన్నికగన్న గ్రంథాలయం గౌతమి, కాకినాడ నుండి బయలుదేరే రైలు గౌతమి. నాలుగవది అక్షరం రూపంలో వచ్చింది. వచ్చిన మాట నిజమే కాని, సంకీర్ణ లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే గాని గౌతమి పారేది కాదు. అంతవరకు అన్నీ డబ్బాలే. "మీ ఉత్తరం డబ్బాలుగా కనబడుతోంది" అన్న ఫిర్యాదు ఆనాడు మనలో ఎన్నిసార్లు విని ఉంటామో!

ఆ డబ్బాలను విప్పినవారు చాలావరకు జీతం భత్యం లేకుండా పనిచేసినవారు. కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులను ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికారు. పత్రికల సొంత ఖతులలోని వ్రాతను యూనికోడులోకి మార్చే "పద్మ" కూడా ఆయనదే. 2006లో వీవెన్ గారి "లేఖిని" వచ్చింది. ఖతులు, అమరికలు ఏవీ తెలియనివారు కూడా ఒక పెట్టెలో రోమనులో కొడితే మరొక పెట్టెలో తెలుగు ప్రత్యక్షమయ్యేది.

ఆ ఏడాది సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు... కాదు, మరుసటి ఏడాది, 2007లో, అమలాపురం నెట్ సెంటరులో నాన్నగారిని కూర్చోబెట్టి లేఖిని చూపించాను. ఆయన ఒక్కొక్క మీటా వెదుక్కుంటూ పావుగంటలో ఒక వాక్యం కొట్టారు. తెర మీద తెలుగు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అరసున్న ఉన్నదా?" అని అడిగారు. ఉన్నదని చూపిస్తే తృప్తిపడ్డారు. అమ్మకు నేను వ్రాసిన మొదటి తెలుగు ఈమెయిలు ఆ వేసవిలో వెళ్ళింది. అక్క అచ్చుతీసి ఇస్తే, ఎవరి సహాయం లేకుండా చదువుకుంది.

చేతిఫోనుకు వచ్చేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది కథ. రోమనులో ఒక ఎస్ఎమ్ఎస్‌కు 160 అక్షరాలు పడితే, యూనికోడులో 70 మాత్రమే. క్షేమం అన్న మాటకే ఆరు ఖర్చు. తంతి నాటి పొదుపు మళ్ళీ దాపురించింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు వత్తులతో సహా సరిగా గీయడం 2012లో నాలుగవ కూర్పు మధ్యలో గాని రాలేదు. 2018 ఫిబ్రవరిలోనైతే "జ్ఞా" అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో పంపితే ఐఫోన్లు కుప్పకూలేవి. జ్ఞానానికి తొలి అక్షరాన్ని మోయలేక ఖరీదైన ఫోను చతికిలబడటం చూసి నవ్వుకున్నాం. ఆ నెలలోనే దిద్దుబాటు వచ్చింది. పట్టిక కూడా ఇంకా నిండుతూనే ఉన్నది. పాత అచ్చు పుస్తకాలలో కనిపించే నకారపొల్లుకు 2021లో గాని చోటు దక్కలేదు.

సీడీ విప్పిన విధం

నాన్నగారి సీడీ సంగతికి వస్తాను. దస్త్రంలో ఖతి పేరు వ్రాసి ఉన్నది గాని, ఆ ఖతి నా యంత్రంలో లేదు. డీటీపీ కేంద్రం ఎప్పుడో మూతబడింది. దాని యజమాని ఇప్పుడు ఫ్లెక్సీల వ్యాపారంలో ఉన్నారు. వెళ్ళి అడిగితే, "ఆయ్, పండితులుగారబ్బాయిగారా!" అని కూర్చోబెట్టి, గోదాములో దుమ్ముపట్టిన పాత ఎక్స్‌పీ యంత్రాన్ని ఓపికగా రెండు గంటలు కష్టపడి లేపారు. ఆ ఖతి అందులో ఉన్నది. ముందుగా నలభై ఎనిమిది పుటలూ కాగితం మీద అచ్చుతీయించుకున్నాను. ఆ తరువాత ఏ రోమను గుర్తుకు ఏ తెలుగు ముక్కో పట్టిక వ్రాసుకుని, మూడు వారాల రాత్రులు కూర్చుని యూనికోడులోకి మార్చాను. యంత్రం మార్చగా తప్పిపోయిన తలకట్లను, దారితప్పిన వత్తులను అచ్చు ప్రతితో సరిచూసుకుంటూ చేతితో దిద్దాను.

ఈ పని చేస్తున్నంతసేపూ సి.పి. బ్రౌను గుర్తుకు వచ్చాడు. రాజమండ్రిలోనూ కొంతకాలం కొలువు చేసిన ఆ దొర, తాటాకులలో చెదలకు ఆహారమవుతున్న కావ్యాలను లేఖకులకు జీతాలిచ్చి కాగితం మీదికి ఎత్తి వ్రాయించాడు. కొత్త సాధనం వచ్చినంత మాత్రాన పాతది దానంతట అది అందులోకి రాదు. ఎవరో ఒకరు కూర్చుని ఎత్తి వ్రాయాలి. వ్రాయనిది పోతుంది. తాటాకు చెదపట్టడానికి వందేళ్ళు తీసుకుంటే, మన కాలపు సాధనాలకు పదేళ్ళు చాలు. జియోసిటీస్ 2009లో పోయింది. ఆర్కుట్ 2014లో, యాహూ మెసెంజరు 2018లో, యాహూ గుంపులు 2020లో మూతబడ్డాయి. అక్క పంపిన ఆదివారపు ఈమెయిళ్ళలో ఒక్కటి కూడా నేడు నా దగ్గర లేదు. వాడకుండా వదిలివేసిన ఖాతాతో పాటు అవీ పోయాయి. తప్పు నాదే. దాచుకోవడం ఇతరుల పని అనుకున్నాను.

మారిన నలభై ఎనిమిది పుటలలో ఏమున్నదని అడుగుతారు. చెరువుల పేర్లు, పొలాల పేర్లు, ఊరికి మొదటి రేడియో వచ్చిన నాటి ముచ్చట, తుపాను రాత్రి మా అరుగు మీద ఉన్నవారి జాబితా ఉన్నాయి. ఆ జాబితాలోని వారిలో సగంమంది ఇప్పుడు లేరు. వారి మనుమలకు ఆ పుట పంపితే, ఒకరిద్దరు ఫోను చేసి చాలాసేపు మాట్లాడలేకపోయారు.

అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఫోనులో మాట రికార్డు చేసి పంపుతుంది. తెలుగు కొట్టడానికి అన్ని వసతులూ ఉన్న మా పిల్లలు ఆమెకు రోమనులోనే జవాబిస్తారు. అలవాటైపోయిందంటారు. లిపి లేని రోజుల్లో మనం వేసుకున్న వేషం, లిపి వచ్చాక కూడా విప్పలేకపోతున్నాం. అమ్మ వాటిని నాకు చూపించి చదవమంటుంది. కరణంగారి అరుగు ఇప్పుడు నాది.

మీ అటక మీదా ఇటువంటి సీడీయో, ఫ్లాపీయో ఉండవచ్చు. ఉంటే ఈ వారమే దింపండి. దస్త్రంతో పాటు దాని ఖతిని కూడా సంపాదించి భద్రపరచండి, యూనికోడులోకి మార్చండి, ఒక ప్రతి కాగితం మీద అచ్చుతీసి తీగకు గుచ్చండి. ఆ ఖతి ఉన్న ఆఖరి యంత్రం ఏ గోదాములోనో ఇంకా ఊపిరితో ఉండగానే ఈ పని కావాలి.